ముందు కథ, తరవాత ఇంగ్లీషు

జగదల్‌పూర్‌లో మా వీధి తెలుగు పిల్లలకి ఇంగ్లీషు నాలుగో భాష. ఇంట్లో తెలుగు, సంతలో హల్బీ, ఆటల్లో హిందీ. ఈ మూడూ వాళ్లకి చెవుల్లోంచే వచ్చాయి. నాలుగోదానికొచ్చేసరికి చెవిని పక్కనపెట్టి గ్రామరు పుస్తకం చేతికిస్తాం. 2020లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం స్వామి ఆత్మానంద్ పేరుతో ఇంగ్లీషు మీడియం బడులు మొదలుపెట్టాక తల్లిదండ్రుల ఆశ ఇంకా పెరిగింది. ఆ ఆశ న్యాయమైనదే. దారి మాత్రం కథల్లోంచి వెయ్యాలని నా నమ్మకం.

సాయంత్రాలు మా అరుగు మీద నేను చేసే పని చిన్నదే. కోతీ మొసలీ కథ ముందు తెలుగులో చెబుతాను, పిల్లలు తిరిగి నాకు చెప్పేదాకా. మర్నాడు అదే కథ ఇంగ్లీషులో, ఫోన్లో వినిపిస్తాను. పుస్తకం మూసే ఉంటుంది. ఆ తరవాతే పుస్తకం తెరిచి, వింటూ అక్షరాల కింద వేలు కదుపుతూ పోతారు. నిఘంటువు తియ్యనివ్వను. ఒక పిల్ల ఒకచోట ఆగిపోయింది.

"దీనికి అర్థమేంటి పిన్నీ?"

"ఇక్కడ కోతి ఏమంటుందో చెప్పు."

"గుండె చెట్టుమీదే వదిలేసి వచ్చానంటుంది."

"మరి వదిలేసినట్టు ఎక్కడ రాసుందో చూడు."

వేలు దానంతటదే ఆ మాట మీదికి వెళ్లింది. అలా దొరికిన మాటని ఆ పిల్ల మళ్లీ నన్నడగలేదు.

చెవి ముందుండాలని పట్టుబట్టడానికి కారణం ఉంది. తెలుగు, హిందీ రాసినట్టే దాదాపుగా పలుకుతాం. ఇంగ్లీషు అలా లొంగదు. ముందు కంటితో చదివిన పిల్ల 'వాల్కెడ్' అంటుంది. అది నాలుకకి పట్టేస్తే వదిలించడం కష్టం. ముందు విన్న పిల్లకి 'వాక్ట్' అన్నదే తెలుసు కాబట్టి, ఆ అక్షరాలు చూసినా అలాగే పలుకుతుంది. పైగా ఏ మాట ఒత్తాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఏ గ్రామరు పుస్తకమూ చెవికి ఎక్కించలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. వందేళ్ల కిందట ఢాకాలో ఉపాధ్యాయులకి శిక్షణ ఇచ్చిన మైకేల్ వెస్ట్ బెంగాలీ పిల్లల్ని దగ్గరగా చూశాడు. వాళ్లు బడి మధ్యలో మానేసినా చేతిలో మిగిలేది చదవగలగడమేనని 1926లో పుస్తకం రాశాడు. కొత్త మాటలు పొదుపుగా వాడుతూ, వాటినే మళ్లీ మళ్లీ తెస్తూ కథల పుస్తకాలు తయారుచేశాడు. 1980లో ఫిజీ పల్లె బడుల్లో ఎలీ, మంగూభాయ్ అనే ఇద్దరు పరిశోధకులు తరగతికి 250 కథల పుస్తకాలిచ్చి చూశారు. మామూలు పాఠాలు చదివిన పిల్లల కన్నా ఈ పిల్లలు చదవడంలో దాదాపు రెట్టింపు వేగంగా ముందుకెళ్లారు. రెండో ఏటికి రాతలోనూ ఆ మెరుగు కనిపించింది. తోడు లేకుండా హాయిగా చదవాలంటే నూటికి 98 మాటలు ముందే తెలిసి ఉండాలని పాల్ నేషన్ వంటి భాషా పరిశోధకులు లెక్క తేల్చారు. మన పిల్లలకి ఏ ఇంగ్లీషు పుస్తకంలో అన్ని మాటలు తెలుస్తాయి? తెలియవు. అందుకే తెలిసిన కథ కావాలి. మాటలు తక్కువైనచోట కథ పూడుస్తుంది.

నాకు ఇది నేర్పింది చందమామ. తెలుగులో 1947లో పుట్టిన ఆ పత్రిక ఇంగ్లీషులో 1955లో మొదలైంది. విక్రముడు చెట్టెక్కి శవాన్ని భుజాన వేసుకుంటాడని తెలుగులో ముందే చదివి ఉన్నాను కాబట్టి, ఇంగ్లీషు సంచికలో అదే బొమ్మ చూడగానే వాక్యం సగం అర్థమైపోయేది. మిగతా సగం బేతాళుడి ప్రశ్న కోసం ఓపిగ్గా లాగేదాన్ని.

ఇప్పటి పిల్లలకి అంతకన్నా సౌకర్యం ఉంది. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైటు స్టోరీవీవర్‌లో కథలు ఉచితం. కొన్ని కథలు తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లోనే కాదు, గోండీలో కూడా ఉన్నాయి. పైకి చదివి వినిపిస్తూ, చదివే మాటకి రంగు పూసి చూపించేవీ ఉన్నాయి. పెద్ద పిల్లలకైతే ఈ ఊరి రచయిత షానీ నవల 'కాలా జల్' చెబుతాను. 1965 నాటి ఆ హిందీ నవల ఇంగ్లీషులోకీ వెళ్లింది. తామెరిగిన ఊరే పుటల్లో ఉంటే పరాయి భాష బెదిరించదు.

ఒక్క కొరత నన్ను బాధిస్తోంది: హల్బీ కథలు మా పిల్లలకి ఇంగ్లీషులో అందడం లేదు. ఇక్కడి రచయిత లాలా జగదల్‌పురీ హల్బీ జానపద కథలు సేకరించారు. ఈ ఊరి జిల్లా గ్రంథాలయానికి ఆయన పేరే పెట్టారు. 1977 నుంచి ఇక్కడ ఆకాశవాణి ఉంది, హల్బీలో మాట్లాడుతుంది. ఆ కథల్లో పిల్లలకి నచ్చినవి ఏరి, తేలిక ఇంగ్లీషులో రాయించి, ఇక్కడి గొంతులతోనే చదివించి, ఒక రోజు హల్బీలో, మర్నాడు ఇంగ్లీషులో రేడియోలో వినిపించాలి. ఆ పుస్తకాలు గ్రంథాలయంలో పిల్లల చేతికందే అరలో ఉండాలి. ఈ పనికి గ్రంథాలయం, ఆకాశవాణి, బడులు కూర్చుని మాట్లాడుకుంటే చాలు. కథలు ఎంపిక చెయ్యడానికీ, చదివి వినిపించడానికీ మా అరుగు నుంచి నేనొస్తాను.