వినికిడి పరీక్షల తెలుగు వర్ణన: మధ్య చెవి పీడనం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
కర్ణావర్తం పనితీరును తెలిపే ఓటోఅకౌస్టిక్ ఎమిషన్స్ (ఓఏఈ) పరీక్ష ఫలితం మధ్య చెవిలోని గాలి పీడనంపైనా ఆధారపడుతుంది. చెవిని ధ్వనిని స్వీకరించే అవయవంగా మాత్రమే చూపే తెలుగు వర్ణన ఈ సంగతిని వివరించలేదని, ‘లోపలి చెవి పరీక్ష’, ‘ఫెయిల్’ అనే మాటలు ఫలితాన్ని తప్పుగా చదివిస్తాయని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: కర్ణభేరి, కర్ణావర్తం, మధ్య చెవి పీడనం, వైజ్ఞానిక తెలుగు, పరిభాష.

1. ప్రస్తావన:
తెలుగులో వినికిడికి సంబంధించిన నుడికారం దాదాపుగా ఒకే దిశలో సాగుతుంది. మాట చెవిన పడుతుంది, చెవికెక్కుతుంది. కబురు ఎదుటివారి చెవిన వేస్తాం. వీటన్నిటిలోనూ చెవి పుచ్చుకునేదే కాని ఇచ్చేది కాదు. పాఠ్యపుస్తకాల వర్ణన కూడా సాధారణంగా ఈ దారినే నడుస్తుంది. ధ్వని తరంగాలు కర్ణభేరిని తాకుతాయి. కూటకం, దాగలి, కర్ణాంతరాస్థి ఆ కంపనాన్ని లోపలికి చేరవేస్తాయి. కర్ణావర్తం దానిని నాడీ సంకేతంగా మారుస్తుంది. మనం ఎలా వింటామో చెప్పడానికి ఈ వర్ణన చాలు. ఓఏఈ పరీక్షను వివరించడానికి మాత్రం చాలదు.

2. వెలుపలికి వచ్చే ధ్వని:
కర్ణావర్తంలో ధ్వనిని బలపరిచే క్రియాశీల వ్యవస్థ ఉండాలని 1948లో థామస్ గోల్డ్ ఊహించారు. చెవి నుంచి వెలువడే ధ్వనిని 1978లో డేవిడ్ కెంప్ నమోదు చేసి ప్రకటించారు. కర్ణావర్తంలోని వెలుపలి రోమకణాలు ధ్వనికి స్పందించి కంపనాన్ని పెంచుతాయి. ఆ శక్తిలో కొంత వెనుదిరిగి, మధ్య చెవి ఎముకలను, కర్ణభేరిని కదిలించి, చెవి నాళంలో అతి సన్నని ధ్వనిగా వినిపిస్తుంది. నాళంలో అమర్చిన మైక్రోఫోన్ దానిని అందుకుంటుంది. అంటే పరీక్షలో మధ్య చెవిని రెండుసార్లు దాటవలసి ఉంటుంది: లోపలికి పంపిన ధ్వని ఒకసారి, వెలుపలికి వచ్చే ధ్వని మరొకసారి.

3. పీడనం చేసే మార్పు:
జలుబు వంటి కారణాల వల్ల యూస్టాషియన్ నాళం సరిగా తెరుచుకోకపోతే, మధ్య చెవిలోని గాలి క్రమంగా కణజాలంలోకి ఇంకి, పీడనం తగ్గుతుంది. కర్ణభేరి లోనికి లాగబడుతుంది. ఎముకల గొలుసు బిగుసుకుంటుంది. ఈ బిగువు ముఖ్యంగా తక్కువ పౌనఃపున్యాల ప్రయాణానికి అడ్డుపడుతుంది.

ఓఏఈలో ఒక రకమైన డీపీఓఏఈలో రెండు స్వరాలను వినిపిస్తారు. అవి సుమారు 1640, 2000 హెర్ట్జ్ అయితే, తిరిగి వచ్చే ప్రధాన ధ్వని సుమారు 1280 హెర్ట్జ్ వద్ద ఉంటుంది. పంపిన రెండింటికన్నా ఇది తక్కువ పౌనఃపున్యం కనుక, తిరుగు ప్రయాణంలో బిగువు దెబ్బ దీనికి ఎక్కువగా తగలవచ్చు. రోమకణాలు ఆరోగ్యంగా ఉన్నా కొలత తగ్గుతుంది. అందుకే టింపనోమెట్రీతో మధ్య చెవి పీడనాన్ని తెలుసుకుని, నాళంలోని పీడనాన్ని దానికి సమం చేసి ఓఏఈని కొలిచే పద్ధతి ఉంది. మధ్య చెవిలో ద్రవం చేరితే మాత్రం ఈ సర్దుబాటు ఆ లోటును తీర్చలేదు.

4. పదాల పరిశీలన:
‘కర్ణభేరి’ చక్కని పదం. అయితే చర్మవాద్యాన్ని బిగిస్తే బాగా మోగుతుందన్నది మన అనుభవం. డప్పును మంట దగ్గర కాచేది అందుకే. పీడన భేదంతో బిగిసిన కర్ణభేరి ధ్వనిని తక్కువగా దాటనిస్తుంది. ఇక్కడ పోలిక దారి తప్పిస్తుంది. మరోవైపు, ఓఏఈలో కర్ణభేరి లోపలి నుంచి కదిలి నిజంగానే ధ్వనిని పుట్టిస్తుంది. భేరి అన్న పేరు ఇక్కడే సార్థకమైంది.

‘లోపలి చెవి పరీక్ష’ అన్న పేరు పరీక్ష లక్ష్యాన్ని చెబుతుంది, మార్గాన్ని దాచేస్తుంది. నవజాత శిశువుల పరీక్షలో యంత్రం చూపే ‘రిఫర్’ అన్న మాట ఇంటివారి నోట తరచు ‘ఫెయిల్’ అవుతుంది. పుట్టిన తొలి రోజుల్లో చెవిలో మిగిలిన ద్రవం వల్ల కూడా ఈ ఫలితం రావచ్చు. ‘ఫెయిల్’ అన్న మాట బిడ్డకు చెవుడని తీర్పు ఇస్తుంది. ‘నీరు ఉంది, అదే పోతుంది’ అన్న ఊరట పునఃపరీక్షను వాయిదా వేయిస్తుంది. రెండూ హానికరమే. నెలలోపు తొలి పరీక్ష, 3 నెలలలోపు నిర్ధారణ, 6 నెలలలోపు చికిత్సా చర్యలు మొదలు కావాలన్నది అంతర్జాతీయంగా అనుసరించే క్రమం. ‘పాస్’ అన్న మాటకూ పరిమితి ఉంది. ఓఏఈ సవ్యంగా ఉన్నా శ్రవణ నాడిలో లోపం ఉండవచ్చు.

5. ముగింపు:
పారిభాషిక పదం సంస్కృతమా, అచ్చ తెనుగా, ఆంగ్లమా అన్న చర్చతోనే మన పరిభాషా విమర్శ తరచు ఆగిపోతుంది. పదం ఏ భాషదైనా, అది చూపే మార్గం సరైనదా అన్నది అంతకన్నా ముందు అడగవలసిన ప్రశ్న. ఓఏఈని ‘చెవి తిరిగి పలికే ధ్వని పరీక్ష’ అనవచ్చు. ‘రిఫర్’ను ‘గడువులోగా మళ్ళీ పరీక్షించాలి’ అనవచ్చు. మొదటి మాటలో మధ్య చెవికి చోటు దక్కుతుంది, రెండవ మాటలో తీర్పు స్థానంలో కర్తవ్యం నిలుస్తుంది. పరీక్ష కాగితాన్ని తెలుగులో చదువుకునే తల్లిదండ్రులకు ఈ తేడా కేవలం భాషావిషయం కాదు.