పనిచోట అవమానం, సొంత పని: 'యజ్ఞం' కథకు సీతంపేట మన్యం నుంచి ఒక పఠనం

వ్యాససంగ్రహం:
పనిచోట అవమానాన్ని భరించలేక బయటికి వచ్చిన మనిషి సొంత పనితో బతుకును తిరిగి కట్టుకోవడాన్ని సాధారణంగా ఆత్మవిశ్వాసానికి సంబంధించిన విషయంగా చూస్తారు. ఈ వ్యాసం ఆ దృష్టిని ప్రశ్నిస్తుంది. కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథను, సీతంపేట పరిసర మన్యంలోని పాలేర్ల చరిత్రను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తుంది. పని ఇచ్చే చేయి, అప్పు ఇచ్చే చేయి, సరుకు కొనే చేయి ఒకటే అయినచోట పని మానినంత మాత్రాన విముక్తి దొరకదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పనిచోట అవమానం, చాకిరీ, కంబారితనం, సొంత పని, 'యజ్ఞం', సీతంపేట మన్యం.

1. ప్రవేశిక:
ఆఫీసుల్లో, కళాశాలల్లో పైవారో తోటివారో ఒక ఉద్యోగిని పదేపదే కించపరిచి, ఒంటరిని చేసి, పనికిరానివాడినన్న భావన అతనిలో నాటడాన్ని ఆంగ్లంలో 'వర్క్‌ప్లేస్ బుల్లీయింగ్' అంటున్నారు. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. 'సాధింపు' అనగానే అత్తవారిల్లు గుర్తుకు వస్తుంది. 'వేధింపు' ఫిర్యాదు పత్రాల భాషలో స్థిరపడిపోయింది. చట్టంలోనూ ఇటువంటి ఖాళీయే కనిపిస్తుంది. 2013 నాటి చట్టం పనిచోట స్త్రీలపై జరిగే లైంగిక వేధింపులకు పరిమితం. షెడ్యూల్డ్ కులాలు, తెగలపై అత్యాచారాల నిరోధానికి 1989లో వచ్చిన చట్టం కులం కారణంగా జరిగే అవమానాన్ని నేరంగా గుర్తిస్తుంది. అయితే ఉద్దేశపూర్వకంగా కించపరిచారన్న నేరం నిలవాలంటే అది నలుగురి దృష్టిలో పడే చోట జరిగి ఉండాలి. మూసిన గది తలుపు వెనుక జరిగేది అక్కడ నిలవడం కష్టం.

మాట లేనంత మాత్రాన తెలుగువారికి ఆ అనుభవం లేదని అనలేము. 'గొడ్డుచాకిరీ', 'వెట్టి', 'పాలేరుతనం' అన్న మాటల్లో పనినీ అవమానాన్నీ విడదీయలేము. కాబట్టి పనిచోట అవమానానికి తెలుగులో చరిత్ర వెతకాలంటే ఉద్యోగ జీవితపు కథలకంటే ముందు పాలేర్ల కథలను చదవాలి.

2. మన్యంలో పని, అప్పు, ధర:
2022 జిల్లాల పునర్విభజనకు ముందు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న సీతంపేట నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. సవర, జాతాపు తెగలవారు ఎక్కువగా నివసించే ప్రాంతం ఇది. ఈ కొండల వరుసలోనే గిరిజన సంఘం రూపుదిద్దుకుంది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్ సభకు వెళుతున్న గిరిజనులపై లేవిడి వద్ద జరిగిన దాడిలో కోరన్న, మంగన్న ప్రాణాలు కోల్పోయారు. ఆ తర్వాతి సాయుధ పోరాటంపై విస్తృతంగా రచనలు వచ్చాయి. దానికి ముందు సంఘం అడిగిన కోరికలపై మన విమర్శ తగినంత దృష్టి పెట్టలేదు. వెట్టి రద్దు, పాలేర్ల జీతం పెంపు, పోయిన భూమి తిరిగి రావడం, అటవీ సరుకుకు న్యాయమైన ధర అన్నవి వాటిలో ముఖ్యమైనవి.

ఈ నాలుగూ నాలుగు వేర్వేరు సమస్యలుగా కనిపిస్తాయి. కాని వాటన్నిటికీ ఎదురుగా తరచు నిలిచినవాడు ఒక్కడే. పాలేరును పెట్టుకున్న సావుకారే అప్పు ఇచ్చాడు, ఆ అప్పు కింద భూమి రాయించుకున్నాడు, చింతపండుకు ధర కట్టాడు. అతని దగ్గర పాలేరుతనం మానిన మనిషి కొండ మీద పోడు కొట్టుకున్నా, పంటతో మళ్ళీ అతని గుమ్మంలోకే రావలసి వచ్చేది. అవమానించిన యజమానే కొనుగోలుదారుడైతే సొంత పని పేరుకే సొంతం. సంఘం జీతాన్నీ ధరనూ ఒకే పట్టికలో చేర్చడం ఈ లోతైన అవగాహనకు నిదర్శనం.

కొన్ని చట్టాలను, సంస్థలను ఈ మూడు చేతులను విడదీసే ప్రయత్నాలుగా చూడవచ్చు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనే చేతిని మార్చింది. 1970 నాటి ఒకటవ నిబంధన 1959 నాటి భూబదలాయింపు నిబంధనను సవరించి భూమికి గట్టి రక్ష కల్పించింది. 1976 నాటి చట్టం అప్పు కింద మనిషిని కట్టివేసే పద్ధతిని రద్దు చేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్య హక్కును గుర్తించింది. అయినా ఆ పని పూర్తి కాలేదు. సీతంపేట సంతకు కావిళ్ళలో దిగే అనాస నిలవ ఉండే సరుకు కాదు. దాన్ని తిరిగి కొండెక్కించలేడు కనుక రైతు వ్యాపారి చెప్పిన ధరకు తలవంచవలసి వస్తుంది.

3. 'యజ్ఞం': తలకిందులైన ప్రయాణం:
1966లో వెలువడిన 'యజ్ఞం' కొండల కథ కాదు. శ్రీకాకుళం మైదానంలోని సుందరపాలెం కథ. అయినా మన్యం లేవనెత్తిన ప్రశ్నకు అత్యంత కఠినమైన రూపం ఈ కథలో ఉంది. అప్పల్రాముడు మొదటినుంచీ ఇతరుల కింద నలిగిన పాత్ర కాదు. అతనికి సొంత సాగు ఉంది. నేటి పరిభాషలో అతడు స్వయం ఉపాధి పొందుతున్నవాడే. గోపన్న దగ్గర చేసిన అప్పు అతన్ని పంచాయితీ దాకా తెచ్చింది. శ్రీరాములునాయుడు పెద్దరికంలో ఊరికి రోడ్డు, బడి వచ్చాయి. ఆ అభివృద్ధితో పాటే అప్పూ పెరిగింది. ఉన్న భూమి అప్పు కింద పోతే తర్వాతి తరాలు కంబారులు, అంటే ఏడాది జీతానికి కట్టుబడిన పాలేర్లు, కావలసిందే. ఆ భవిష్యత్తును తిరస్కరిస్తూ సీతారాముడు తన బిడ్డనే చంపుకుంటాడు.

ఈ ముగింపుపై విమర్శకుల్లో చాలా చర్చ జరిగింది. ఆ హత్య సహజమా, కాదా అన్నదానిచుట్టూ అందులో చాలా భాగం తిరిగింది. సొంత పని కోణం నుంచి చూస్తే మరొక విషయం బయటపడుతుంది. మనం కోరుకునే ప్రయాణం కంబారితనం నుంచి సొంత సాగు వైపు సాగుతుంది. రామారావు ఆ ప్రయాణాన్ని తలకిందులు చేశారు. అప్పు, ధర, తీర్పు ఇతరుల చేతుల్లో ఉన్నప్పుడు సొంత సాగే కంబారితనానికి దారి అవుతుందని చూపించారు. అప్పల్రాముడికి కష్టపడే గుణం లేక కాదు, నిజాయితీ లేకా కాదు. అతని నిజాయితీయే పంచాయితీలో అతనికి ఉరి అయింది.

4. విషాదం, విజయగాథ:
ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి' (1922)లో చౌదరయ్య దెబ్బకు సంగదాసు మరణిస్తాడు. అతని పేరుతో సంగపీఠం వెలుస్తుంది. 'యజ్ఞం'లో బిడ్డ మరణిస్తాడు. ఒకదానిలో మరణం తర్వాత ఆదర్శం ఉంది, మరొకదానిలో నిశ్శబ్దం ఉంది. యజమాని గుమ్మం దాటిన మనిషి మర్నాడు పొద్దున్నే లేచి ఏం చేశాడు, తొలి సరుకు ఎవరికి అమ్మాడు, పాత యజమాని సంతలో ఎదురైతే తల ఎలా ఎత్తాడు అన్న కథనం ఈ రెండింటిలోనూ ప్రధానం కాదు.

ఇది ఆ రచనల లోపమని అనడం తగదు. విషాదాన్ని రాసిన రచయితను పరిష్కారం చూపలేదని తప్పుపట్టడం విమర్శ కాదు. అయితే ఆ ఖాళీని సాహిత్యం నింపనప్పుడు పత్రికల విజయగాథ నింపుతుంది. ఒక వ్యక్తి, ఒక రుణం, ఒక లాభం దాని మూస. అందులో అవమానం మొదటి పేరాతో ముగిసిపోతుంది. అవమానించినవాడు మళ్ళీ కనిపించడు. నిలదొక్కుకోలేనివారి పేర్లకు అక్కడ చోటు ఉండదు. వారు తమ ఓటమిని తమ బలహీనతగానే భావించుకుంటారు. పనిచోట విన్న నిందే సొంత పనిలోనూ వారి వెంట వస్తుంది.

ఈ విషయం కొండలకే పరిమితం కాదు. ప్రైవేటు కళాశాలలో అవమానపడి మానేసి, అదే పట్టణంలో ట్యూషన్ పెట్టుకున్న అధ్యాపకుడికి అనుభవ పత్రం రాయవలసినది పాత యాజమాన్యమే. తల్లిదండ్రుల్లో అతని గురించి మంచో చెడో పుట్టించగలిగినదీ అదే. అతని ధైర్యాన్ని మాత్రమే పొగిడే రచన అప్పల్రాముడి నిజాయితీని మాత్రమే పొగిడే రచన వంటిది.

5. ముగింపు:
సొంత పనిని చిత్రించే రచనలను ఇకపై మూడు ప్రశ్నలతో చదవవచ్చు. పెట్టుబడి ఎవరిది? ధర కట్టేది ఎవరు? ఆ మనిషి పనితనానికి సాక్ష్యం చెప్పేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు పాత యజమానే అయితే అక్కడ పనిచోటు మారింది గాని సంబంధం మారలేదు. కనీసం ఒకదానికి వేరే జవాబు దొరికినచోట పునర్నిర్మాణం మొదలైందని చెప్పవచ్చు. మన్యం నుంచే రాస్తున్న మల్లిపురం జగదీశ్ వంటి కథకుల రచనలను ఈ కోణంలో పరిశీలించడానికి అవకాశం ఉంది. సంఘం ఆనాడు జీతం పక్కన ధరను చేర్చి అడిగిన కోరికల పట్టిక ఆ పరిశీలనకు తగిన తొలి ఆధారం.