‘వచ్చాడు – వచ్చిండు’: భూతకాల క్రియారూపాలు, కథనభాష

బాలవ్యాకరణం (1858) క్రియాపరిచ్ఛేదంలో కనిపించే ‘వచ్చెను, వచ్చితిని, వచ్చిరి’ వంటి భూతకాల రూపాలు నేడు గ్రాంథికానికే పరిమితమయ్యాయి. వ్యవహారంలో నిలిచినవి ప్రధానంగా ‘వచ్చిన’ అనే క్రియాజన్య విశేషణం ఆధారంగా ఏర్పడిన రూపాలు. పాఠ్యపుస్తకాల ‘వచ్చాడు’, కీసర, ఉప్పల్, నాచారం ప్రాంతాల వాడుకలోని ‘వచ్చిండు’ రెండూ ఈ వర్గానివే.

రెండింటికీ మూలం ‘వచ్చినాడు’. రాయలసీమ వ్యవహారంలో ఈ రూపం నేటికీ సజీవం. ప్రమాణభాషలో నకారం లోపించి దీర్ఘం మిగిలింది. తెలంగాణలో దీర్ఘం లోపించి నకారం మిగిలింది. ‘వచ్చినారు’ అనేది ‘వచ్చారు’, ‘వచ్చిన్రు’గా మారడమూ ఇటువంటిదే. గమనింపదగిన విషయం మరొకటుంది. ‘వచ్చినది’ నుండి ఏర్పడిన ‘వచ్చింది’లో ప్రమాణభాష సైతం అచ్చును వదిలి నకారాన్ని నిలుపుకొంది. ‘వచ్చింది’ శిష్టమైనప్పుడు అదే తీరున ఏర్పడిన ‘వచ్చిండు’ అపభ్రష్టమనడానికి వ్యాకరణంలో ఆధారం లేదు.

‘నేను వచ్చిన’ అనే ఉత్తమపురుష రూపం విశేషణంతో సమానమైనందున సందిగ్ధతకు తావిస్తుందన్న ఆక్షేపణ రావచ్చు. ‘నేను నిన్న వచ్చిన’, ‘నిన్న వచ్చిన చుట్టం’ అన్న ప్రయోగాలను పోల్చితే వాక్యాంతంలో అది సమాపకమని, నామానికి ముందు విశేషణమని స్పష్టమవుతుంది. స్థానమే అర్థాన్ని నిర్ణయిస్తున్నది.

వాడుక రూపం రాతకెక్కడం ఇతర భాషల్లోనూ ఉన్నదే. స్వీడిష్‌లో ‘చెప్పాడు’ అనే అర్థమిచ్చే ‘సాదె’కు మాటలో ఏర్పడిన హ్రస్వరూపం ‘సా’ నేడు రాతలోనూ సాధారణం.

తెలుగు కథలో మాత్రం ఈ భేదం తరచుగా అంతస్తుల భేదమైంది. కథకుడు ‘వచ్చాడు’ అంటాడు, పాత్ర ‘వచ్చిండు’ అంటుంది. అన్ని ప్రాంతాల పాఠకులకూ అందాలన్న వాదన ఈ పద్ధతికి ఉన్న సమర్థన. అది తోసిపుచ్చదగింది కాదు. అయితే దాని ఫలితంగా చూసే చూపు ఒక భాషదీ, చూడబడే బతుకు మరొక భాషదీ అవుతున్నాయి. పాకాల యశోదారెడ్డి ‘మా ఊరి ముచ్చట్లు’లో కథనమే పాలమూరు పలుకుబడిలో సాగడం వల్ల ఈ దూరం తొలగింది. కనుక మాండలిక కథను పరిశీలించే విమర్శ సంభాషణలతో ఆగక, కథకుని సమాపక క్రియ ఏ రూపంలో ఉందో కూడా చూడాలి. ఊరికి తన కథను తానే చెప్పుకునే అధికారం దక్కిందో లేదో తేలేది అక్కడే.