పడిగె చదివిన నేల మీద చూచిరాత

చర్ల, దుమ్ముగూడెం, మణుగూరు వైపు అడవంచు కోయ పల్లెల్లో, అంటే గుంపుల్లో, సాయంత్రాలు పిల్లలకు చదువు చెప్పడానికి వెళ్లే వాలంటీర్లు తరచూ ఒక నమ్మకంతో బయల్దేరతారు: అక్కడివాళ్లకు చదివే అలవాటే లేదు, అ ఆల నుంచి అన్నీ మనమే నేర్పాలి అని. అందుకే పలకలు పంచి చూచిరాత మొదలుపెడతారు. ఆ నమ్మకం సగమే నిజం. అక్షరం కొత్తదే కావచ్చు గానీ చదవడం కొత్త కాదు. కోయల కథకులైన డోలీలు తరతరాలుగా పడిగె చదువుతున్నారు. పడిగె అంటే పొడవాటి త్రికోణపు గుడ్డ. దాని నిండా వేల్పులు, మూలపురుషులు, జంతువుల బొమ్మలు. డోలు మోగుతుండగా కథకుడు ఆ బొమ్మల వెంట నడుస్తూ ఏ గట్టు (గోత్రం) ఎలా పుట్టిందో, ఏ ఇంటిపేరు వెనక ఏ కథ ఉందో పాడతాడు. మణుగూరు మండలం కూనవరానికి చెందిన సకిని రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలోనూ తెలుగులోనూ పాడేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2024లో కన్నుమూశారు. పడిగె మీద వాక్యాలుండవు. బొమ్మ గుర్తు చేస్తుంది, మాట కథకుడు కూర్చుకోవాలి. వినేవాళ్లకు కథ ముందే తెలుసు కాబట్టి దారి తప్పితే ఊరుకోరు. చదవడం, కూర్చడం, సరిచూడడం ఒకే విడతలో జరిగిపోయే ఈ పద్ధతి కన్నా మంచి పాఠ ప్రణాళిక వాలంటీరుకు ఎక్కడ దొరుకుతుంది?

దాన్ని అనుసరించడం కష్టమూ కాదు. పిల్ల ఒక బొమ్మ గీస్తుంది: ఇప్పచెట్టు, కింద ఎలుగుబంటి, గంపతో నాయనమ్మ. అదేమిటో తన మాటల్లో చెబుతుంది. వాలంటీరు ఆ మాటలకు నగిషీ పెట్టకుండా చార్టు మీద పెద్ద అక్షరాలతో రాసి, వేలు పెట్టి చదివి వినిపిస్తాడు. తను అన్నదే గనక వాక్యం పిల్లకు ముందే తెలుసు. అక్షరాలు కూడబలుక్కునే ధైర్యం అక్కణ్ణుంచి వస్తుంది. కొన్నాళ్లకు పెన్ను పిల్ల చేతికి మారుతుంది. చూచిరాతలో చెయ్యి తిరుగుతుంది, అంతే. చెప్పాలన్న ఆరాటం పుట్టదు. రష్యాలో టాల్‌స్టాయ్ తన ఊళ్లో రైతు పిల్లల బడి నడిపి, వాళ్లతో కలిసి కథలల్లి, రాయడం ఎవరు ఎవరి దగ్గర నేర్చుకోవాలన్న ప్రశ్నతోనే 1862లో ఒక వ్యాసం రాశాడు. అంతటి రచయితే పిల్లల ఎదుట తగ్గాడంటే, మన వాలంటీర్లు కాసేపు ఊరుకుని వినడానికి నామోషీ అక్కర్లేదు.

మరి తప్పులో, అంటారు. దిద్దాల్సిందే, కాకపోతే అది ఎలాంటి తప్పో తెలుసుకుని దిద్దాలి. కోయ పిల్లవాడు ‘ఆడవాళ్లు వచ్చాయి’ అని రాశాడనుకుందాం. తెలుగులో బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లూ మగవాళ్లూ ఒక జట్టు, పశుపక్ష్యాదులు మరో జట్టు. గోండి కుటుంబానికి చెందిన కోయలో మగవాళ్లు ఒకవైపు, తక్కినవన్నీ ఒకవైపు. అంటే ఆ పిల్లవాడు వ్యాకరణం తెలియక కాదు, తన వ్యాకరణం తెలిసే అలా రాశాడు. ఈ తేడా విప్పి చెబితే ఒక్క పూటలో తేలిపోయే విషయానికి ఎర్ర సిరాతో సున్నా చుడితే, రేపటి నుంచి వాడు రాయడమే మానేస్తాడు. ఒత్తుల సంగతి వేరే చెప్పనక్కర్లేదు. ‘భ’ను ‘బ’గా పలికేవాళ్లు పట్నాల్లో తక్కువా?

ఇంతకంటే బరువైన అభ్యంతరం తల్లిదండ్రులది. పదో తరగతి పరీక్ష కోయలో ఉండదు, ఉద్యోగం ఇంగ్లీషు అడుగుతుంది, మా పిల్లలకు మళ్లీ మా భాషే ఎందుకని. న్యాయమైన ప్రశ్న. 2011 జనగణనలో కోయ మాట్లాడేవారు 4 లక్షల పైచిలుకు. బడి దాటితే ఆ భాషకు ఆఫీసులో చోటు లేదు. అయితే 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషల్లో మాతృభాషా బోధన మొదలైనప్పుడు కోయ పుస్తకాలను తెలుగు లిపిలోనే అచ్చువేశారు. అందులో ఒక సౌకర్యం ఉంది: కోయ వాక్యంతో నేర్చిన అక్షరం తెలుగు పాఠంలోనూ అక్కరకొస్తుంది, మళ్లీ మొదటి నుంచి నేర్చుకునే పని లేదు. కోయతో మొదలుపెట్టడమంటే కోయ దగ్గర ఆగిపోవడం కాదు. ఇక్కడ మరో చిక్కుంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్ హింస నుంచి తప్పించుకుని వచ్చిన గుత్తికోయల పిల్లల యాస ఇక్కడి కోయకు పూర్తిగా సరిపోదు. ముద్రిత వాచకం ఆ తేడాను పట్టుకోలేదు. పిల్లల నోటి మాటనే రాసే పద్ధతి పట్టుకోగలదు.

వాలంటీరు ఎన్నాళ్లుంటాడన్నదే నన్ను నిజంగా ఇబ్బందిపెట్టే ప్రశ్న. సెలవులకు వచ్చి, ఫొటోలు దిగి, చెప్పాపెట్టకుండా వెళ్లిపోయేవాళ్ల వల్ల మేలు కంటే కీడే ఎక్కువ. బయటివాళ్లు వెళ్లాక నిలిచేది ఊరు పూనుకున్న పనే: నిజాం కాలంలో తెలంగాణ గ్రంథాలయాలు సర్కారు దయ మీద కాదు, చాలావరకు ఊరివాళ్ల చందాల మీద, పూనిక మీద నిలబడ్డాయి. ఇక్కడా ఇంటర్ చదివిన గుంపు యువతీయువకులే రెండో వాలంటీర్లుగా మొదటి రోజు నుంచే పక్కన ఉండాలి; బయటివాడి పని వాళ్ల చేతికి అందించేదాకానే. పిల్లల రాతలు కుట్టిన పుస్తకాలు గుంపులోనే ఉండాలి, చెప్పినవాళ్ల పేరు అట్ట మీద ఉండాలి. నాయనమ్మ చెప్పిన ఎలుగుబంటి కథను ఆమె సరేనంటే ఎంతమందైనా చదువుకోవచ్చు. ఇంటి వేల్పు కథను మాత్రం ఆ గట్టు పెద్దలను అడగకుండా ఖమ్మం ప్రెస్సుకు పంపకూడదు.