తాళం వేసిన ఇల్లు

జటప్రోలు మదనగోపాలస్వామి గుడి ముందు నిలబడితే, ఒకప్పుడు అది ఈ చోట లేదని ఎవరైనా చెప్తే తప్ప తెలియదు. శ్రీశైలం డ్యాం నీళ్లు పాత ఊరి మీదికి వస్తాయని తేలాక ఆ గుడిని రాయి రాయిగా విప్పి, ఎత్తుకు తెచ్చి మళ్లీ నిలబెట్టారు. ఇలాంటి పనికి పద్ధతి ఒకటే. విప్పకముందే ప్రతి రాయికీ నంబరు వేస్తారు. ఏ వరుసలోది, ఏ ముఖం బయటికి ఉంది, పక్కన ఏ రాయి ఉంది అన్నది నక్షాలో ఎక్కిస్తారు. పైనుంచి కిందికి విప్పి, కింది నుంచి పైకి కడతారు. ఒక్క నంబరు తారుమారైతే పై వరుస కూర్చోదు. తప్పు ఎక్కడ జరిగిందో రాయే చూపిస్తుంది.

మనుషుల లెక్కలో ఆ సౌకర్యం లేదు. ఒక ఇల్లు లెక్కలోంచి జారిపోతే పై వరుస నిక్షేపంగా కూర్చుంటుంది. జారిపోయినవాళ్లు ఏ ఊళ్లో కూలి చేసుకుంటున్నారో కాగితానికి తెలియదు.

ఆ గుడి చూసినప్పుడల్లా నాకు ఒక పెద్దాయన రఫ్ బుక్కు గుర్తొస్తుంది. 1970ల చివర్లో, ఉద్యోగంలో చేరిన కొత్తలో, కొల్లాపూర్ వైపు ముంపు ఊళ్లలో ఇళ్లు రాసే పని ఆయన మీద పడింది. పేరు రాయొద్దన్నాడు, రాయను. ఆఫీసు రిజిస్టరు ఆఫీసులోనే ఉండిపోయింది. ఊళ్లో తిరుగుతూ పెన్సిల్‌తో గీసుకున్న పుస్తకం మాత్రం ఆయన ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున ఉంది. మధ్యాహ్నమంతా కూర్చుని దాన్ని చూశాను. అందులోని పనితనం గురించే ఈ నాలుగు మాటలు.

నెహ్రూ 1963లో శంకుస్థాపన చేసిన ప్రాజెక్టు శ్రీశైలం. నిండు మట్టం 885 అడుగులు. ఆ గీత కింద కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందకు పైగా ఊళ్లు, లక్ష ఎకరాలకు పైగా భూమి పోయాయి. 1981 వేసవిలో ఇళ్లు కూల్చి మరీ ఖాళీ చేయించారు. అప్పటికి చేతిలో ఉన్నది 1894 నాటి భూసేకరణ చట్టం ఒక్కటే. భూమికి, ఇంటికి, చెట్టుకు, బావికి ధర కట్టడం దానికి తెలుసు. పడవ నడిపేవాడికి, చేపలు పట్టేవాడికి, పక్కవాడి చేను కౌలుకు చేసేవాడికి ఏమివ్వాలో దానికి తెలియదు. కాబట్టి ఇంటి ముందు నిలబడి రాసే గుమాస్తా చేతిలో ఆ కుటుంబం సగం తలరాత ఉండేది. ఆయన రాసింది ఉన్నట్టు, రాయనిది లేనట్టు.

మొదట చూడాల్సింది మట్టి మిద్దెల లెక్క. దూలాలెన్ని, దంతెలెన్ని, గోడ రాతిదా మట్టిదా, తలుపు ఒంటి రెక్కా జంట రెక్కా. ఇంతవరకు ఎవరైనా రాస్తారు. ఈయన దూలం ఏ కట్టెదో కూడా రాసుకున్నాడు. టేకు దూలానికీ తుమ్మ దూలానికీ ధరలో తేడా ఉంటుంది, నిజమే. ఆయన కారణం ఇంకొకటి. పోయేటప్పుడు జనం దూలాలు, తలుపులు పీకి బండ్లకెక్కించుకుంటారు. తర్వాత పైఅధికారి తనిఖీకి వస్తే మొండి గోడలే కనిపిస్తాయి, ధర తెగ్గోస్తాడు. అందుకని ఇల్లు నిలిచి ఉన్నప్పుడే ఒక్కో దూలమూ కాగితం మీద ఉండాలన్నది ఆయన పట్టు. మామిడి చెట్ల దగ్గరా అదే చాదస్తం: కాపుకొచ్చినవి వేరు, రానివి వేరు, ఈ ఏడు పూత పూసి రాలినవి ఇంకో వరుస.

ఇక తాళం సంగతి. మహబూబ్‌నగర్‌నే పాలమూరు అంటారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతటికీ తెలుసు. ఎక్కడో ఎవరికోసమో డ్యాం కట్టడానికి మేస్త్రీ వెంట పోయినవాళ్ల ఇళ్లే ఇక్కడ డ్యాం కింద పోతున్నాయి. లెక్కకు వెళ్లిన రోజు ఆ ఇళ్లకు తాళాలున్నాయి. ‘నివాసం లేదు’ అని రాసి ముందుకు పోతే పని తొందరగా తెములుతుంది, ఎవరూ తప్పుపట్టరు. పుస్తకంలో ఒక పేజీ చూడండి: ‘తాళం. మేస్త్రీ వెంట వలస. దసరాకు వస్తారని ఎడమ పక్క ఇంటామె చెప్పినది. గొడ్ల కొట్టం వెనక. మళ్లీ చూడాలి.’ కింద వేరే పెన్సిల్‌తో, ‘చూసినాను’, పక్కన తేదీ.

“తాళమంటే ఏంది బిడ్డా? మళ్లొస్తమనే కదా వేసుకునేది,” అన్నాడాయన, పుస్తకం నా చేతిలోంచి తీసుకుంటూ.

పేర్ల గడి ఇంకా బాగుంది. రికార్డు పేరు, వాడుక పేరు, ఇంటి పేరు, తండ్రి పేరు, అత్తగారి ఊరు. ఒక ఊళ్లో ముగ్గురు బాలయ్యలుంటే పెద్ద, చిన్న, నల్ల అని విడదీశాడు. అప్పట్లో ఇది గుమాస్తా ముచ్చటలాగే కనిపించి ఉంటుంది. 1986లో 98 జీవో వచ్చింది. నిర్వాసిత కుటుంబాల వాళ్లకు ప్రాజెక్టుల్లో ఉద్యోగం ఇవ్వాలన్న ఉత్తర్వు అది. ఇప్పటికీ ఇక్కడ ‘తొంభై ఎనిమిదోళ్లం’ అంటే అర్థమవుతుంది. ఉద్యోగం కావాలంటే ముంపులో పోయిన ఇంటి మనిషినని రుజువు చేసుకోవాలి. పరిహారం ఖరారు చేసిన అవార్డులో బాలయ్య, రేషన్ కార్డులో బాలస్వామి, కొడుకు బడి సర్టిఫికెట్‌లో ఇంకో పేరు. అట్లాంటి వాళ్లు ఈయన ఇంటికొచ్చేవారు. రఫ్ బుక్కు చూసి, ఫలానా ఊరు, ఫలానా వరుస నంబరు, నకలుకు దరఖాస్తు పెట్టుకో అని చీటీ రాసిచ్చేవాడు.

ఆయనది మెత్తటి మాట కాదు. “పోయినసారి ఏం తెమ్మన్న, ఏం తెచ్చినవు?” అని కసురుతుండగా నేనే విన్నాను. కానీ తెమ్మన్నవన్నీ మొదటిసారే చెప్తాడు, చీటీ మీద రాసి మరీ. నాలుగుసార్లు తిప్పుకునే తియ్యటి మాట కన్నా ఈ కసురే మేలని, కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిన అనుభవంతో చెప్తున్నాను.

డబ్బు పంచే రోజున ఒక పొరపాటు చేశానని తనే చెప్పాడు. మధ్యవర్తులు కొరికేయకుండా ఒక్కొక్కరి మొత్తాన్నీ చావడి ముందు గట్టిగా చదివేవాడట. అందరికీ వినబడితే ఎవరూ తగ్గించి చేతిలో పెట్టలేరు కదా. అయితే అప్పులిచ్చిన షావుకార్లకూ వినబడింది. వాళ్లు వేపచెట్టు కిందే కాచుకుని కూర్చున్నారు. రెండో ఊరి నుంచి పద్ధతి మార్చాడు. ఇంటివాళ్లు నమ్మిన, చదువొచ్చిన ఒక్కణ్ని పిలుచుకొమ్మని, మొత్తం కాగితం మీద రాసి చూపించి, అంకె మీద వేలు పెట్టి చదివించేవాడు.

వేలిముద్రకు ముందు ఇంకో పని ఉండేది. పాత చట్టం 18వ సెక్షన్ కింద, పరిహారం చాలలేదని కోర్టుకు పంపమని అడగొచ్చు. కానీ 31వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. అభ్యంతరం తెలపకుండా డబ్బు తీసుకుంటే ఆ దారి మూసుకుపోతుంది. చదువురానివాడికి ఈ మెలిక ఎవరు చెప్తారు? ఈయన చెప్పాడు. ‘అభ్యంతరంతో తీసుకొనడమైనది’ అని రాయించుకున్నాకే సిరాడబ్బీ ముందుకు జరిపాడు. సర్కారు జీతగాడు సర్కారు మీద దావాకు దారి చూపిస్తున్నాడని పైవాళ్లు గుర్రుమన్నారట. చట్టంలో ఉన్నదే చదివానన్నాడు. దరఖాస్తు గడువు, అవార్డు రోజున హాజరైనవాళ్లకు ఆరు వారాలే. ఆ తేదీ కూడా చీటీ మీద రాసిచ్చాడు. 1984లో చట్టం సవరించినప్పుడు సొలేషియం, అంటే బలవంతపు సేకరణకు ధర మీద అదనంగా ఇచ్చే మొత్తం, 15 నుంచి 30 శాతానికి పెరిగింది. కోర్టుకు పోనివాళ్లు కూడా, పక్కవాడికి కోర్టు పెంచిన ధరను చూపించి అడిగేందుకు 28-ఏ సెక్షన్ వచ్చింది.

ఒక విధవరాలి వరుస దగ్గర నా వేలు ఆగింది. ఇల్లు మరిది పేరున ఉంది, ఆమె అందులోనే వెనక అర్రలో ఉంటోంది. రిజిస్టరులో ఆమెకు గడి లేదు. ఈయన రిమార్కుల్లో రాశాడు: ‘పొయ్యి వేరు.’ రెండు పొయ్యిలుంటే రెండు సంసారాలన్నది ఊరి లెక్క. దాంతో ఆమెకు ఏమైనా దక్కిందా అని అడిగాను. ఇంటి జాగా ఇచ్చేటప్పుడు వాదించాననీ, గెలవలేదనీ చెప్పాడు. 2013 భూసేకరణ చట్టం విధవలను, విడాకులు పొందినవాళ్లను, ఇంటివాళ్లు వదిలేసిన ఆడవాళ్లను వేరే కుటుంబాలుగా లెక్కపెట్టమంది. కూలీలకూ కౌలుదారులకూ అందులో చోటు దొరికింది.

ఇప్పుడు కొల్లాపూర్ పక్కనే పాలమూరు-రంగారెడ్డి ఎత్తిపోతల పనుల కోసం మళ్లీ ఊళ్లు కదిలాయి. డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది కాబట్టి వేపచెట్టు కింద కూర్చునే పని తగ్గింది. పేరులో ఒక్క అక్షరం తేడా వస్తే మాత్రం కంప్యూటరు కసరదు కూడా, ఊరకే ఆగిపోతుంది.

పుస్తకం మూస్తూ చూశాను, చివర్లో ఆరేడు పేజీలు ఖాళీ. ఊరి పేరు, వరుస నంబర్లు వేసి ఉన్నాయి, పక్కన ఏమీ లేదు. ఇవేంటని అడిగితే, దసరాకు కూడా రానివాళ్లు అన్నాడు.