టెంకాయ తప్పగునా?
డిజిటల్ అభ్యాసపత్రములపై ఒక విమర్శ

1960 ఏప్రిల్ 1వ తేదీన, పటాస్కర్ నిర్ణయము ననుసరించి, తిరుత్తణి ప్రాంతము చిత్తూరు జిల్లానుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. ఎల్లలు మారినవి గాని ఇండ్లలోని భాష మారలేదు. ఇప్పటి తిరువళ్లూరు జిల్లాలోని ఆ యిండ్ల పిల్లలకు తెలుగు చెప్పుట మా వృత్తి. 2006వ సంవత్సరపు చట్టముచే ఒకటవ తరగతి మొదలుకొని తమిళము నిర్బంధపాఠ్యమైనది. ఉన్నచోటి భాషను నేర్చుట మేలే. అయినను తెలుగు గంటలో ఒక్క నిమిషమును వృథా కారాదని ఇందువలన తేలుచున్నది.

ఆ గంటకు సాయముగా నేడు డిజిటల్ అభ్యాసపత్రములు వచ్చినవి. తెరపై బొమ్మ కనబడును. బాలుడు పదమును వ్రాయును, లేదా వ్రేలితో జరిపి జతపరచును. పత్రము తోడనే తప్పొప్పులు చెప్పును. రెండు తరగతుల నొక్క గదిలో నడపు ఉపాధ్యాయునకు ఇది గొప్ప ఊరట. గుణింతములు, ఒత్తులు పలుమారు దిద్దుకొనుటకు పిల్లలు వెనుదీయరు. ఈ గుణమును కాదనరాదు.

దోషమును చెప్పెదను. మా మూడవ తరగతి బాలిక యొకతె బొమ్మను చూచి ‘టెంకాయ’ అని వ్రాసినది. తెరపై ఎఱ్ఱగుర్తు పడినది. పత్రకర్త యెఱిగిన జవాబు ‘కొబ్బరికాయ’ యొక్కటే. ఆడికృత్తికకు తిరుత్తణి కొండ యెక్కునపుడు ఆ పిల్ల తల్లి కొనునది టెంకాయయే. “సార్, టెంకాయ తమిళమా?” అని ఆమె నన్నడిగినది. తమిళమున దగ్గరి మాట యున్నంతమాత్రమున ఇది తెలుగు కాకపోదు. రాయలసీమ యంతయు దానిని వాడుచున్నది. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువున నది కలదు. ప్రాథమికదశలో మాతృభాషాబోధనకు వసతులు కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము చెప్పుచున్నది. తల్లి పలికిన మాటను తప్పనునది మాతృభాషాబోధన యెట్లగును?

మఱియొక లోపము కంటికి కనబడనిది. యూనికోడులో ఐత్వపు గుర్తును ఒక సంకేతముతోను, రెండు సంకేతములతోను వ్రాయవచ్చును, రూపమొక్కటే. సంకేతములను ముందుగా సమము చేయక పోల్చు పత్రము సరియైన జవాబునే తప్పనును. ఇట్టిచోట బాలుడు తన తప్పును వెదకి వెదకి విసుగును.

ఈ రెండు దోషములును యంత్రమువి గావు, కూర్చినవారివి. కనుక దిద్దుట సాధ్యము. ప్రతి బొమ్మకును ప్రాంతీయపదములను జవాబులుగా చేర్చవలెను. ఎఱుగని పదము వచ్చినపుడు తప్పనక, “ఉపాధ్యాయు నడుగుము” అనవలెను. పత్రమును మార్చుకొను అధికారము ఉపాధ్యాయునకుండవలెను. ఇక పలుకుట, చేతివ్రాత అనునవి నోటను, పలకమీదను సాగవలసినవే. లళలకు, నణలకు గల భేదమును జత కలిపినంతమాత్రమున నాలుక నేర్వదు.

ఆ బాలిక జవాబును నేను నల్లబల్లపై వ్రాసి, ప్రక్కనే ‘కొబ్బరికాయ’ అనియు వ్రాసితిని. తరగతి యంతయు రెండును చదివినది. ఆనాడు పిల్లలకు ఒక మాట పోలేదు. ఒక మాట అదనముగా దక్కినది. అభ్యాసపత్రము చేయవలసిన పనియు నిదియే.