రొయ్య పొట్టుతో ఒక పొర

మందుల కంపెనీల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను ఒకసారి వాడి పారబోయరు. అందులో చేరిన నీళ్లు తీసేసి మళ్లీ వాడుకుంటారు. చిక్కంతా ఆ తీయడంలోనే. మరిగిస్తూ పోతే ఆల్కహాల్ సుమారు 88 శాతానికి చేరాక మొండికేస్తుంది. ద్రవంలో నీళ్లు ఎంత పాలో ఆవిరిలోనూ అంతే పాలు. ఇక ఎంత మరిగించినా దండగ. దీన్నే అజియోట్రోప్ అంటారు. దీన్ని విడగొట్టడానికి వెనకట బెంజీన్ కలిపేవాళ్లు. అదేమో క్యాన్సర్ కారకం.

నేను పట్టుకున్న దారి పొరలది. రొయ్య పెంకుల్లోని కైటిన్‌ను గాఢమైన కాస్టిక్ సోడాలో ఉడికిస్తే కైటోసాన్ వస్తుంది. మన కోస్తాలో రొయ్యలకు కొదవలేదు, పొట్టుకూ లేదు. ఆ పొడిని పలచటి ఎసిటిక్ ఆమ్లంలో రాత్రంతా కలిపి, వడగట్టి, గాజు పలక మీద పోస్తాం. ముందే రసమట్టం పెట్టి చూసుకోకపోతే పొర ఒక మూల మందంగా, ఇంకో మూల పలచగా ఆరుతుంది. బుడగ మిగిలితే అక్కడ సూదిబెజ్జం పడి ఆల్కహాల్ జారుకుంటుంది. అందుకే బుడగలన్నీ తేలిపోయేదాకా ద్రావణాన్ని కదపం. ల్యాబ్‌కి కొత్తగా వచ్చిన పిల్లలకు ఈ ఊరకుండటమే మహా కష్టం.

ఆరిన పొరకు ఒక పక్క వేడి ద్రవం, రెండో పక్క వ్యాక్యూమ్. నీళ్లు పొరలో కరిగి, అవతలికి పాకి, ఆవిరవుతాయి. ఆ ఆవిరిని లిక్విడ్ నైట్రోజన్‌తో చల్లబరిచిన గొట్టంలో పట్టి తూస్తాం. కైటోసాన్‌కు నీళ్లంటే ప్రాణం. ఆ ప్రేమే కొంప ముంచుతుంది కూడా: నీళ్లు ఎక్కువైతే పొర నానిన అటుకుల్లా ఉబ్బి, ఆ సందుల్లోంచి ఆల్కహాల్‌నీ పోనిస్తుంది. గ్లూటరాల్డిహైడ్‌తో కైటోసాన్ అణువుల గొలుసులను ఒకదానికొకటి కట్టేస్తే ఉబ్బు తగ్గుతుంది. మరీ బిగిస్తే పొర పెళుసెక్కుతుంది, నీళ్ల నడకా మందగిస్తుంది. నాకు మాత్రం సముద్రపు నాచు నుంచి వచ్చే ఆల్జినేట్‌తో జత కట్టడమే ఇష్టం. దానిది రుణావేశం, కైటోసాన్‌ది ధనావేశం, వాటంతటవే పెనవేసుకుంటాయి. అలాగని రెండింటినీ ఒకే గిన్నెలో గుమ్మరిస్తే ముద్దకడతాయి.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. 1917లో ఫిలిప్ కోబర్ అనే అమెరికన్, మూతి బిగించి వేలాడదీసిన కొలోడియన్ సంచిలోంచి ద్రవం ఆవిరైపోవడం గురించి రాసి, దానికి పర్వాపరేషన్ అని పేరు పెట్టాడు. ఆ కొలోడియన్ కూడా ప్రకృతి నుంచి వచ్చిందే, నైట్రిక్ ఆమ్లంతో మార్చిన సెల్యులోజ్! తీరా 1980ల్లో ఫ్యాక్టరీలకెక్కింది మాత్రం కృత్రిమమైన పాలీవినైల్ ఆల్కహాల్ పొర. హైదరాబాద్‌లోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కెమికల్ టెక్నాలజీ (ఐఐసీటీ)లోనూ, ధార్వాడ్‌లోని కర్ణాటక్ విశ్వవిద్యాలయంలోనూ కైటోసాన్, ఆల్జినేట్ పొరల మీద బోలెడు పని జరిగింది. పొర నీళ్లను ఆల్కహాల్ నుంచి ఎంత బాగా వేరుచేసిందో చెప్పే అంకెను సెపరేషన్ ఫ్యాక్టర్ అంటారు. పరిశోధన పత్రాల్లో వేలల్లో కనిపించే ఆ అంకెలకు నేను ఉబ్బిపోను. అరచేతిలో పట్టే ముక్క మీద, కొన్ని గంటల పరీక్షలో వచ్చిన అంకెలవి. ప్లాంట్ నడిపేవాడు అడిగేది ఒకటే: ఈ పొర ఎన్ని నెలలు ఆగుతుంది?